జీడితోటలో మంచుముద్ద

నిరుటి వేసవిలో, ఎండ నడినెత్తిన నిలిచిన ఒక మధ్యాహ్నం, మా అమ్మాయి వాళ్లమ్మ ఫోను తెచ్చి నా కళ్ల ముందు పెట్టి "నాన్నా, ఈ కుక్క చూడు, నవ్వుతోంది" అన్నది. చూశాను. నిజంగానే నవ్వుతున్నది. ఒళ్లంతా తెల్లని బొచ్చు, ఆ బొచ్చులో మూడు నల్లని చుక్కలు, రెండు కళ్లూ ఒక ముక్కూ. పెదవుల చివరలు పైకి వంగి ఉండటం వల్ల అది ఎప్పుడూ సంతోషంగా ఉన్నట్టే కనిపిస్తుంది. దాని జాతి పేరు సమోయెడ్ అట. తనకు అది కావాలట. ఇక్కడ, వజ్రపుకొత్తూరులో, ఈ ఇసుకనేల మీద, ఈ జీడితోటల మధ్య.

"వద్దమ్మా" అన్నాను. తండ్రులు మొదట అనే మాట అదే గదా.

"ఎందుకు వద్దు?" అన్నది.

పిల్లకు 13 ఏళ్లు. "వద్దంటే వద్దు" అంటే ఒప్పుకునే వయసు దాటిపోయింది. పైగా ఆ ప్రశ్నలో న్యాయం ఉన్నది. మా ఇంట్లో తెల్లకుక్క లేకుండా ఆమె పెరగలేదు. 12 సంవత్సరాలు మా వసారాలో ఒక తెల్లకుక్క బతికింది. అది పోయిన నాటి నుంచీ ఆ మూల ఖాళీగానే ఉన్నది. అందుచేత ఎందుకు వద్దో చెప్పవలసిన బాధ్యత నా మీద పడింది. చెప్పడానికి కొంత చదవవలసి వచ్చింది, కొంత గుర్తు తెచ్చుకోవలసి వచ్చింది. చదవడం తేలిక.

ముందు గుర్తున్నది చెబుతాను.

2011లో, కాశీబుగ్గలో ఒక పరిచయస్థుని ఇంట ఈనిన కుక్కపిల్లల్లో ఒకదానిని బుట్టలో పెట్టుకుని తెచ్చాను. మా ప్రాంతంలో తెల్లగా, బొచ్చుగా ఉండే కుక్క ఏదైనా సరే "పామేరియన్". నేనూ అలాగే అనుకుని తెచ్చాను. నిజానికి అది పామరేనియన్ కాదు, ఇండియన్ స్పిట్జ్. ఈ తేడా చాలాకాలం తరువాత తెలిసింది. స్పిట్జ్ అంటే జర్మన్ భాషలో కొసదేలినది అని అర్థం. నిక్కిన చెవులు, మొనదేలిన మూతి, వీపు మీదికి చుట్టుకున్న తోక ఈ కుటుంబపు ఆనవాళ్లు. పామరేనియా అనేది బాల్టిక్ సముద్రపు దక్షిణ తీరాన ఉన్న ప్రాంతం. ఇవాళ అది కొంత పోలండులో, కొంత జర్మనీలో ఉన్నది. అక్కడి కుక్కలు ఇంగ్లండు చేరేసరికి ఒక మోస్తరు పెద్దవే. 1888లో విక్టోరియా రాణి ఇటలీలోని ఫ్లారెన్స్ నుంచి మార్కో అనే చిన్న కుక్కను తెచ్చుకున్నది. రాణిగారి ఇష్టమే లోకానికి ఇష్టమైంది. ఆ జాతిని చిన్నది చేస్తూ పోయారు. ఇవాళ పామరేనియన్ అంటే రెండు మూడు కిలోల బొమ్మ. 1901 జనవరిలో రాణి చనిపోయేటప్పుడు కూడా టూరీ అనే ఆమె పామరేనియన్ పక్క మీద ఉన్నదని చరిత్రలో రాశారు.

మన దేశానికి దొరలు తెచ్చిన స్పిట్జ్‌లు మాత్రం అంత చిన్నవి కాలేదు. ఇక్కడి ఎండకూ, ఇక్కడి అన్నానికీ అలవాటు పడుతూ తరాలు గడిచేసరికి అవి మరొక జాతిగా స్థిరపడ్డాయి. ఇండియన్ స్పిట్జ్‌లో చిన్నరకం, పెద్దరకం అని రెండు ఉన్నాయి. 1994లో వచ్చిన 'హమ్ ఆప్కే హై కౌన్' సినిమాలో టఫీగా నటించింది ఈ జాతి కుక్కే. ఆ సినిమా తెలుగులో 'ప్రేమాలయం'గా వచ్చినప్పుడు నేను చూశాను. ఆ తరువాత కొన్నేళ్లు మా చుట్టుపక్కల ఏ ఊళ్లో తెల్లకుక్క కనిపించినా దాని పేరు టఫీయే.

మా కుక్కకు కూడా ఆ పేరే పెట్టాలనుకున్నాను. బుట్ట మీది తువ్వాలు తీయగానే మా నాన్న వంగి చూసి, "ఏకిన దూదిలాగున్నాది కదరా" అన్నాడు. అంతే, అది దూది అయింది.

మా అమ్మకు మాత్రం ఆ దృశ్యం నచ్చలేదు. "ఈదిలో తిరిగే కుక్కలు సాలవేటి బాబూ? డబ్బులెట్టి కుక్కని కొనడమేటి?" అని వారం రోజులు గొణిగింది. వంటింటి గడప దానికి హద్దుగా గీసింది. ఆ హద్దును దూది జీవితాంతం పాటించింది. గడపకు ఇవతల మూతి ఆనించి పడుకుని, అవతల చేప తోముతున్న మా అమ్మను చూస్తూ గంటలు గడిపేది. అమ్మ ఎవరూ చూడకుండా దానికి ముల్లు తీసిన ముక్క విసరడం నేను చాలాసార్లు చూశాను. చూడనట్టు ఊరుకున్నాను.

తెల్లకుక్కతో బతకడమంటే ఏమిటో పెంచని వారికి తెలియదు. మొదటి సంగతి, అది తెల్లగా ఉండదు. ఉద్దానం ఇసుక, తోటలోని ఎర్రమన్ను, వానాకాలపు బురద అన్నీ దాని ఒంటి మీద చదువుకోవచ్చు. అది ఏ దారిన తిరిగి వచ్చిందో చెప్పనక్కరలేదు, కాళ్లు చూస్తే చాలు. రెండవ సంగతి, బొచ్చు. దాని బొచ్చు రెండు పొరలు. పైన గరుకైన పొడుగు వెంట్రుకలు, అడుగున మెత్తని దూది. ఆ అడుగుపొర ఏడాదికి రెండు విడతలుగా ఊడుతుంది. ఆ రోజుల్లో మా ఇంట తెల్ల వెంట్రుక లేని పంచె లేదు, పుస్తకం లేదు, ఒక్కొక్క రోజు అన్నం ముద్ద కూడా లేదు. రోజు విడిచి రోజు దువ్వాలి. దువ్వకపోతే చెవుల వెనక, తొడల సందున జడలు కడుతుంది. ఆ జడల కింద చర్మం పాసిపోతుంది.

మూడవది గోమార్లు. మా తోటల్లో పశువులు తిరుగుతాయి కనుక గోమార్లకు కొదవలేదు. నల్లకుక్క మీద కనిపించవేమో గాని తెల్లకుక్క మీద కూడా కనిపించవు. బొచ్చును వేళ్లతో పాయలు తీసి, కాలివేళ్ల సందులూ చెవుల లోపలా వెదకాలి. ఒక వర్షాకాలం ఆ వెదుకులాట నాలుగు రోజులు మానినందుకు దూదికి జ్వరం తగిలింది. అన్నం ముట్టలేదు, చిగుళ్లు పాలిపోయాయి. గోమార్ల వల్ల రక్తంలో చేరే జ్వరమది. టెక్కలి తీసుకువెళ్లి మూడు వారాలకు పైగా మందు వాడితే దక్కింది.

నాలుగవ సంగతి మా ప్రాంతానికే ప్రత్యేకం. వేసవిలో జీడిగింజలు పెరట్లో ఎండబోస్తాము. పిల్లదనంలో దూది ఒక పచ్చిగింజను కొరికింది. జీడిపిక్క తొక్కులో ఉండే నూనె ఎంత మంటో పలాస బట్టీల్లో గింజలు ఒలిచే ఆడవాళ్ల చేతులు చూసినవారికి తెలుసు. పాపం, దాని పెదవులు రెండు రోజులు పొంగి బొబ్బలెక్కాయి. మా నాన్న దాని మూతికి కొబ్బరినూనె రాస్తూ పక్కన కూర్చున్నాడు. ఆ రోజు నుంచి అది నాన్న కుక్క అయిపోయింది. అన్నం పెట్టేది మేమే గాని అది వెళ్లి కూర్చునేది ఆయన కాళ్ల దగ్గర.

2016లో నాన్నకు కాళ్ల వాపు వచ్చింది. మా ప్రాంతంలో కాళ్లు వాస్తే ఇంటిల్లిపాదికీ గుండె జారుతుంది. క్రియాటినిన్ అనే మాట మా ఉద్దానంలో చదువురాని ముసలమ్మకు కూడా తెలుసు. వంకాయ ధర చెప్పుకున్నట్టు అరుగుల మీద ఎవరికి ఎంత ఉన్నదో చెప్పుకుంటారు. కొబ్బరి, జీడి, పనస, మునగ పండే నేల ఇది. ఉద్యానవనమనే మాటే ఉద్దానమైందని పెద్దలు చెబుతారు. ఈ నేల మీద వ్యవసాయం చేసే మనుషుల మూత్రపిండాలు ఎందుకు ఎండిపోతున్నాయో, నీళ్లా, ఎండలో చాకిరీయా, మరేదైనానా, ఇన్ని పరిశోధనలు జరిగినా ఇదీ కారణమని ఇప్పటికీ తేలలేదు. నాన్న రక్తపరీక్ష కాగితం చేతికి వచ్చేసరికి ఆయన కూడా ఆ లెక్కలో చేరిపోయాడు.

కొన్నాళ్లు మందులతో నడిచింది. తరువాత పలాసలో వారానికి రెండుసార్లు డయాలసిస్. పొద్దున్నే ఆటోలో వెళ్లడం, సాయంత్రం పిండిన గుడ్డలాగా తిరిగి రావడం. దూది ఆటో వెంట రావి చెట్టు దాకా పరుగెత్తి అక్కడ ఆగిపోయేది. సాయంత్రం ఆటో శబ్దం మాకు వినబడక ముందే మళ్లీ అక్కడికి చేరేది. నాన్న తాగవలసిన నీళ్లకు కొలత ఉండేది, రోజుకు ఇన్ని గ్లాసులని. వేసవిలో ఆయన నాలుక తడుపుకుంటూ కూర్చుంటే, ఎదురుగా దూది తన గిన్నెలో మూతి పెట్టి చప్పుడు చేస్తూ తాగేది. నాకు అది చూడబుద్ధి కాక గిన్నె పెరట్లోకి మార్చాను. నాన్న మళ్లీ తెప్పించి ముందు పెట్టించుకున్నాడు. "అది తాగుతుంటే నాను తాగినట్టే ఉంటాది బాబూ, ఉండనీ" అన్నాడు.

ఇక 2018 సంగతి చెప్పాలి. ఇది చెప్పకుండా మిగతాది చెప్పలేను.

అంతకు ముందు 2013 అక్టోబరులో ఫైలిన్, 2014 అక్టోబరులో హుద్‌హుద్ వచ్చాయి. ఒకటి గోపాలపురం దగ్గర, మరొకటి విశాఖ దగ్గర తీరం దాటాయి. రెండింటికీ మేము ఇల్లు కదల్లేదు. రెండుసార్లూ దూది నాన్న మంచం కింద పడుకుని వణికింది, తెల్లవారాక బయటికి వచ్చింది, అంతే. 2018 అక్టోబరు 10న తిత్లీ వస్తున్నదని మైకుల్లో చెప్పారు. తిత్లీ అంటే సీతాకోకచిలుక. ఆ పేరు విని మా అమ్మాయి మురిసింది. దానికి అప్పుడు ఆరేళ్లు. ఈసారి తుపాను నేరుగా మా మీదికే వస్తున్నదనీ, పెంకుటిళ్లలో ఎవరూ ఉండవద్దనీ చెప్పడంతో, చీకటి పడ్డాక స్లాబు ఉన్న ఒక భవనానికి అందరమూ బయలుదేరాము. మరునాడు, గురువారం, నాన్నకు డయాలసిస్.

అక్కడ జనం కిక్కిరిసి ఉన్నారు. పసిపిల్లలు, ముసలివాళ్లు, మూటలు. కుక్కను లోపలికి తేవడానికి వీలులేదన్నారు. అన్నవారిని తప్పుపట్టలేను, మనుషులకే కాలు చాపుకునే చోటు లేదు. నేను దూదిని తీసుకుని తిరిగి ఇంటికి వచ్చాను. వెనకవైపు రేకుల గదిలో గోనెసంచి పరిచి, రెండు పూటలకు సరిపడా అన్నం, పెద్ద గిన్నెతో నీళ్లు పెట్టాను. గాలికి బెదిరి ఎటైనా పరుగెత్తితే కొబ్బరిచెట్ల కింద పడి చస్తుందని తోచింది. బయట గడియ వేశాను. వేసి, ఒకసారి లాగి చూశాను కూడా. గట్టిగానే పడింది.

నాన్న నన్ను ఏమీ అడగలేదు. కుక్క ఏదని నా చేతుల వైపు మాత్రం ఒకసారి చూశాడు.

తెల్లవారుజామున, నాలుగున్నర ఐదున్నర మధ్య, తుపాను పలాస దగ్గర తీరం దాటింది. గంటకు 140, 150 కిలోమీటర్ల గాలి అని తరువాత లెక్క చెప్పారు. లోపల ఉన్న మాకు తెలిసింది లెక్క కాదు, శబ్దం. చెట్లు విరిగే చప్పుడు మొదట్లో ఒక్కొక్కటిగా వినబడింది. తరువాత విడివిడిగా వినబడటం మానేసింది. చీకట్లో ఎవరో దేవుడి పేర్లు వరసగా తలుచుకుంటున్నారు. నాకు మాత్రం ఆ గడియ కళ్ల ముందు మెదులుతున్నది. బయటి నుంచి వేసే గడియ. లోపలి నుంచి తీయడానికి లేనిది.

గాలి తగ్గాక ఇంటికి నడిచాను. నడక అనకూడదు, పడిపోయిన చెట్ల మీదుగా పాకాను. మా తాత వేసిన కొబ్బరిచెట్లు అన్నీ ఒకే దిక్కుకు తలలు పెట్టి పడుకున్నాయి. జీడిచెట్లు వేళ్లతో సహా తిరగబడ్డాయి. ఇంటి మీద పెంకులు లేవు. రేకుల గది మీద కొబ్బరిచెట్టు అడ్డంగా పడి ఉన్నది. రేకులు లేవు, ఒకవైపు గోడ లేదు. గడియ మాత్రం వేసినది వేసినట్టే ఉన్నది.

దూది లేదు. ఇటుకల కింద వెదికాను, చేతులతో మట్టి తీశాను. లేదు.

నాన్నను పలాస చేర్చడానికి దారి లేదు. రోడ్డు పొడవునా చెట్లూ, కరెంటు స్తంభాలూ. శుక్రవారం గడిచింది. ఆయన ముఖం ఉబ్బింది, ఆయాసం మొదలైంది. శనివారం పొద్దున్న ఊరి కుర్రాళ్లు గొడ్డళ్లు పట్టుకుని దారి చేస్తూ ముందు నడిచారు. కొంత దూరం మంచం మీద మోసి, కొంత దూరం మోటారు సైకిలు మీద నా వీపుకు తువ్వాలుతో కట్టుకుని, ఆ రోజు మధ్యాహ్నానికి చేర్చాము. గండం గడిచింది. ఆ రెండు రోజులూ నేను దూదిని గురించి ఒక్కసారైనా తలచుకోలేదని చెప్పగలిగితే బాగుండేది.

ఆదివారం సాయంత్రం మేము ఇల్లు చేరి, కూలిన గోడ పక్కన టార్పాలిన్ కట్టుకుంటూ ఉండగా ఒక గోధుమరంగు కుక్క కుంటుకుంటూ వచ్చింది. వీధికుక్క అనుకుని మా అమ్మ కర్ర తీసింది. మా అమ్మాయి "దూది" అని అరిచి పరుగెత్తింది. పిల్ల ఎలా పోల్చుకున్నదో ఇప్పటికీ తెలియదు. ఒంటి మీద ఒక్క తెల్లని వెంట్రుక లేదు. బురద ఎండి, అట్టకట్టి, ముందరి కాలు వాచి ఉన్నది. అది నా వైపు రాలేదు. నేరుగా నాన్న మంచం కిందికి వెళ్లి పడుకున్నది.

నేను గది సంగతి, గడియ సంగతి నాన్నకు అప్పుడు చెప్పాను. ఆయన చాలాసేపు చేతిని కిందికి జార్చి దాని చెవిని పట్టుకుని పడుకున్నాడు. తరువాత, కోపం లేకుండా, నెమ్మదిగా అన్నాడు.

"తలుపు తీసి ఒగ్గీవలిసింది బాబూ. దాని కాళ్లు దానికున్నాయి కదా."

ఆ మాట మీద మేమిద్దరమూ మళ్లీ మాట్లాడుకోలేదు. దూది ఆ తరువాత తలుపు మూసిన గదిలో ఎప్పుడూ ఉండలేదు. గాలి కాస్త వీస్తే చాలు, లేచి వెళ్లి వాకిట్లో నిలబడేది. మా ఇంటి తలుపుకు ఒక ఇటుక అడ్డం పెట్టడం అప్పుడే మొదలైంది. నాన్న 2021లో పోయారు. దూది 2023 చలికాలంలో, వసారాలో, తెరిచిన తలుపు పక్కన పోయింది. ఆ డిసెంబరు 14నే పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి ప్రారంభమయ్యాయి. హిరమండలం నీళ్లు ఉద్దానానికి తెచ్చే పథకాన్ని కూడా ఆ రోజే ప్రారంభించారు. ఆ వార్త చదువుతూ ఉంటే నాకు నాన్న కొలత గ్లాసు గుర్తుకు వచ్చింది.

ఇప్పుడు సమోయెడ్ దగ్గరికి వస్తాను.

అమ్మాయి అడిగిన "ఎందుకు" కోసం నేను చదివినదాని సారం ఇది. సమోయెడ్ సైబీరియా కుక్క. నేనెత్సులు మొదలైన అక్కడి జాతులను ఒకప్పుడు సమోయెడులు అనేవారు. వారి రెయిన్ డీర్ మందలను కాయడం, బండ్లు లాగడం, రాత్రులు గుడారాల్లో మనుషులను ఒరుసుకుని పడుకుని వెచ్చదనం ఇవ్వడం దాని వృత్తి. 1889లో కిల్‌బర్న్ స్కాట్ అనే ఆంగ్లేయుడు ఒక పిల్లను ఇంగ్లండు తెచ్చాడు. నాన్సెన్ వంటి ధ్రువయాత్రికులు సైబీరియా కుక్కలనే వెంట తీసుకుపోయారు. దాని నవ్వుకు కూడా కారణం చెబుతారు. పెదవుల చివరలు పైకి ఉండటం వల్ల చొంగ కారి మంచుపుల్లలుగా గడ్డకట్టదట. అంటే మనం చూసి మురిసేది సంతోషం కాదు, చలికి దాని ముఖం నేర్చుకున్న జాగ్రత్త.

మరి చలి కోసం పుట్టిన ఆ ఒళ్లు ఇక్కడ ఏం చేస్తుంది? కుక్కకు మనలాగా ఒళ్లంతా చెమట పట్టదు. నాలుక చాచి వగర్చడమే దానికి చల్లబడే దారి. నాలుక మీది తడి ఆరితేనే ఒళ్లు చల్లబడుతుంది. మా సముద్రపు గాలిలో ఉతికిన బట్టే ఆరదు, నాలుక ఏమి ఆరుతుంది? బొచ్చు గొరిగేస్తే సరిపోతుందని కొందరంటారు. అదీ కుదరదు. ఆ బొచ్చే చర్మాన్ని ఎండ నుంచి కాపాడే గొడుగు. గొరిగితే మళ్లీ సరిగా మొలవకపోవచ్చు కూడా. ఇక మిగిలినది ఏసీ గది. తిత్లీ తరువాత మా వీధికి కరెంటు రావడానికి పది రోజులు దాటింది.

ఇంతవరకు చెబితే మా అమ్మాయి లాయరులాగా, "తేలినీలాపురానికి సైబీరియా పక్షులు రావడం లేదా?" అన్నది. టెక్కలి దగ్గరి ఆ ఊరి చింతచెట్ల మీదికి ఏటా గూడబాతులూ ఎర్రకాళ్ల కొంగలూ వస్తాయి, అవి సైబీరియా నుంచి వస్తాయని మేమంతా చెప్పుకుంటాము. నిజానికి అవి మన దేశపు పక్షులే. అయినా ఆమె వాదనకు అసలు జవాబు అది కాదు. "అవి ఎక్కడి నుంచి వచ్చినా చలికాలానికి ముందు వచ్చి, ఎండలు ముదిరేసరికి వెళ్లిపోతాయమ్మా. వాటికి రెక్కలున్నాయి. నువ్వు తెచ్చిన కుక్క మే నెలలో ఎటు వెళ్తుంది?" అన్నాను. అనగానే నాకు నాన్న గొంతు వినిపించింది. దాని కాళ్లు దానికున్నాయి కదా. కాళ్లుండీ వెళ్లలేని చోటికి ఒక ప్రాణిని తేవడమంటే బయటి నుంచి గడియ వేయడమే. ఎంత ప్రేమతో వేసినా, అన్నం నీళ్లు ఎంత నిండుగా పెట్టినా, అది గడియే.

మరొక సంగతి కూడా చదివాను. అది ఆమెకు చెప్పాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించాను. సమోయెడ్‌లలో కొన్ని వంశాలకు పుట్టుకతో వచ్చే మూత్రపిండాల జబ్బు ఒకటి ఉన్నది. రక్తాన్ని వడకట్టే గ్లోమెరులస్ అనే జల్లెడలో పొర సరిగా కట్టుకోదు. అది ఎక్స్ క్రోమోజోము మీది లోపం కనుక మగపిల్లల మీద దెబ్బ ఎక్కువ. జబ్బు సోకినవి చాలావరకు ఏడాదిన్నర తిరగకుండానే పోతాయి. మనుషుల్లో ఆల్పోర్ట్ వ్యాధి అనే దానికి ఇది దగ్గర చుట్టం. అన్ని సమోయెడ్‌లకూ ఇది ఉండదు, జన్యుపరీక్షతో ముందే కనిపెట్టవచ్చు. మా ఉద్దానపు జబ్బుకూ దీనికీ సంబంధమూ లేదు. ఇవన్నీ నాకు తెలుసు. అయినా, అర్ధరాత్రి దీపం కింద, ఆ నవ్వే తెల్లకుక్క బొమ్మ పక్కన క్రియాటినిన్ అనే మాట చూసినప్పుడు పుస్తకం మూసి బయటికి వచ్చి కూర్చున్నాను.

చివరికి చెప్పాను. ఆమె చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, "దానికి కూడా నీళ్లు కొలిచి పోస్తారా నాన్నా?" అని అడిగింది.

"లేదమ్మా, దానికి నీళ్లు కొలవరు" అన్నాను.

ఆ తరువాత ఆమె సమోయెడ్ మాట ఎత్తలేదు. మాన్పించానన్న సంతోషం నాకు కలగలేదు. పిల్ల కోరినది ఒక తెల్లని కుక్కను, నేను ఇచ్చినది ఇన్ని కారణాలను. అందుకే వర్షాలు పడి ఎండలు చల్లబడ్డాక నేనే అడిగాను, స్పిట్జ్ పిల్లను చూడటానికి వెళదామా అని.

టెక్కలి దగ్గర ఒక ఇంట నాలుగు పిల్లలున్నాయంటే వెళ్లాము. దూదిని తెచ్చిన నాటి నాకూ ఇప్పటి నాకూ తేడా ఉన్నది. ముందు తల్లిని చూపించమన్నాను. తల్లి మనిషిని చూసి నక్కి దాగితే, లేదా మీదపడి కరవబోతే, ఆ పిరికితనం పిల్లలకూ వస్తుంది. ఆ తల్లి నా చేయి వాసన చూసి తోక ఆడించింది. పిల్లలకు ఎన్ని వారాలో అడిగాను. ఎనిమిది నిండనిదే తల్లి నుంచి విడదీయకూడదు. కళ్లలో పుసి లేదు, పొట్ట ఉబ్బి లేదు, మలద్వారం శుభ్రంగా ఉన్నది. మొదటి టీకా వేయించిన చీటీ చూపించారు. ఇంకా రెండు విడతలున్నాయి, మూడు నెలలకు రేబీస్ సూది ఉన్నది, అవి అయ్యేదాకా వీధిలో దింపకూడదని అమ్మాయికి అక్కడే చెప్పాను. ఆ ఇంటివారు మూడింటిని ముందుకు నెట్టి, "ఇవి పాలనురుగే సార్, మచ్చ లేదు" అన్నారు. నాలుగవది వెనక ఉన్నది. దాని చెవుల మీద, వీపు మీద బిస్కట్టు రంగు జీర. తెలుపులో లోపమని దాని ధర తగ్గించి చెప్పారు.

మా అమ్మాయి ఆ మూడింటినీ ముద్దుచేసింది. నాలుగవదాన్ని ఒళ్లోకి తీసుకున్నది.

"తెల్లది కావాలన్నావు గదా" అన్నాను.

"ఇది తుపాను తరువాత ఇంటికి వచ్చిన దూదిలాగా ఉంది నాన్నా" అన్నది.

ఆరేళ్ల పిల్లకు ఏమి గుర్తుంటుందిలే అని ఇన్నేళ్లూ అనుకున్నాను. గడియ సంగతి కూడా గుర్తున్నదా అని అడగబోయి మానుకున్నాను. ధర మాత్రం తగ్గించకుండా, మిగతావాటికి చెప్పినంతే ఇచ్చి వచ్చాను. ఆ ఇంటాయన నన్ను వింతగా చూశాడు.

ఇంటికి వచ్చేసరికి చీకటి పడింది. మా అమ్మ కళ్లజోడు సవరించుకుని, "మళ్లీ డబ్బులెట్టి తెచ్చినావేటి?" అని, వంటింటి గడప దగ్గర నిలబడి హద్దు చూపించింది. పిల్ల ఆ గడప మీద మూతి ఆనించి కూర్చున్నది. ఎవరు నేర్పారో. ఇంకా పేరు పెట్టలేదు. మా అమ్మాయి ఫోనులో పేర్లు వెదుకుతున్నది. మా అమ్మ మాత్రం అప్పుడే "ఒలే మట్టిదానా" అని పిలుస్తున్నది. ఏ పేరు నిలుస్తుందో నాకు తెలుసు.

ఆ రాత్రి పిల్ల తల్లి కోసం కుయ్యి కుయ్యిమని ఏడ్చింది. వీధిలోకి పోకుండా వసారాకు అడ్డుగా ఒక చెక్క పెట్టాను. దానికి టీకాలు పూర్తయ్యేదాకా ఆ చెక్క తప్పదు. తరువాత వీధి తలుపు మూయడానికి వెళ్లాను. తలుపు కదల్లేదు. కిందికి చూస్తే, దూది పోయిన నాటి నుంచి పెరటి గోడ మీద పడి ఉన్న ఆ పాత ఇటుక, తలుపుకు అడ్డంగా ఉన్నది. ఎవరు తెచ్చి పెట్టారో అడగలేదు. దాన్ని అలాగే ఉంచి, దీపం ఆర్పి వచ్చి పడుకున్నాను.